ఎవరి గుమ్మం ఎక్కాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒక సోదరి రాసిన మాట నన్ను పట్టుకుని వదలలేదు. వాళ్ల ఊళ్లో, వాళ్ల వీధి మలుపులో దీపం వెలిగి మూడు నెలలయిందట. ట్యూషన్లకు వెళ్లిన ఆడపిల్లలు చీకట్లో ఇల్లు చేరుతున్నారట. ఎమ్మెల్యే గారికి రెండు అర్జీలు పెట్టుకున్నారు. మొదటిదానికి ఆయన చిరునవ్వు నవ్వారు. రెండోదాన్ని పక్కనున్న మనిషి చేతికిచ్చారు. “ఇంతకూ మనం ఓట్లు వేసి బావుకున్నదేమిటి?” అని ఆమె నిలదీస్తున్నది.

ప్రశ్నలో తప్పు లేదమ్మా. మీరు ఎక్కిన గుమ్మమే అది కాదు.

పల్లెటూళ్లో వీధి దీపం పంచాయతీ సొత్తు. దాని బాగోగులు సర్పంచి చూడాలి. కోస్తా పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ప్రెసిడెంటు గారు’ అనే అంటారు, ఆయనే. ఆయనకంటె ముందు మీ వీధికి వార్డు మెంబరు ఒకరున్నారు. ఉన్నారన్న సంగతి ఆ మెంబరు భార్యాబిడ్డలకు తప్ప మరెవరికీ గుర్తుండదు, అది వేరే మాట. తాగే నీళ్లు, మురుగు కాలవ, చెత్త, ఊళ్లో వీధులు, శ్మశానం, ఇంటి పన్ను, ఇవన్నీ ఆ గుమ్మానివే. పట్నమైతే పురపాలక సంఘం, అందులో కౌన్సిలరు. నగరమైతే కార్పొరేటరు, పైన మేయరు. కమిషనరు గారు జీతం తీసుకునే ఉద్యోగి, మనం ఎన్నుకున్నవారు కారు. పంచాయతీ కార్యదర్శీ అంతే. మధ్యలో మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు ఉన్నాయి. వాటి సంగతి ఎత్తుకుంటే ఈ పేజీ చాలదు.

మా క్లాసులో అప్పుడప్పుడు పిల్లల్ని అడుగుతుంటాను. ముఖ్యమంత్రి ఎవరు? అందరూ చేతులెత్తుతారు. ఎమ్మెల్యే ఎవరు? దాదాపు అందరూ. మీ వార్డు మెంబరు, మీ కౌన్సిలరు ఎవరు? అప్పుడు చూడాలి ఆ నిశ్శబ్దం. పిల్లల్ని అనుకోవడమెందుకు, స్టాఫు రూములో అడిగినా అదే నిశ్శబ్దం.

మరి ఎమ్మెల్యే గారి పని ఏమిటి? ఆయన పేరులోనే ఉంది. శాసనసభ్యుడు. శాసనమంటే పూర్వం రాజు రాతి మీదో రాగిరేకు మీదో చెక్కించిన మాట. ఈనాడు శాసనసభ్యుల పేర్లు రాతి మీద కనబడేది శంకుస్థాపన పలకల మీదనే గాని, ఆయన అసలు పని చట్టం చెయ్యడం. రాష్ట్రం ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ సభ ఆమోదం ఉండాలి గనుక బడ్జెటును విప్పి చూడడం. మంత్రిని నిలబెట్టి ప్రశ్న వెయ్యడం. పెట్టిన ఖర్చు మీద ఆడిటరు రాసిన నివేదికను ప్రజాపద్దుల సంఘంలో కూచుని తరచి చూడడం. మన సభల్లో పద్దుల మీద చర్చకు ఇచ్చిన గడువు తీరిపోతే, మిగిలిన పద్దులన్నిటినీ ఒక్క దెబ్బకు ఓటుకు పెట్టేస్తారు. దానికి ‘గిలటిన్’ అని పేరు. ఫ్రెంచివాళ్లు తలలు నరికిన యంత్రం పేరు మనవాళ్లు చర్చకు పెట్టుకున్నారు. తగిన పేరే.

ఎమ్మెల్యే అంటే ప్రభుత్వం అనుకునేవాళ్లు మనలో చాలామంది. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రివర్గం సభలో నూటికి పదిహేను మందికి మించకూడదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది. మంత్రులు ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించరు. మిగిలిన 149 మందీ, ఏ పార్టీ వారైనా సరే, ప్రభుత్వాన్ని అడగవలసినవారే గాని ప్రభుత్వం కారు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్పును కాదని ఓటు వేస్తే సభ్యత్వం పోయే ప్రమాదముంది, నిజమే. కాని ప్రశ్న వెయ్యడానికి ఆ చట్టం అడ్డురాలేదే!

సరే, వీధి దీపం దగ్గరికి ఎమ్మెల్యే గారు ఎందుకు వస్తారు? మనం పిలుస్తాం గనుక. రావడం ఆయనకూ లాభమే గనుక. చట్టంలో ఒక క్లాజు సవరించిన ఎమ్మెల్యేకు ఊళ్లో దండలు పడవు. దీపం వెలిగించినవాడికి పడతాయి. అయితే ఆయన వేయించిన ప్రతి దీపంతోనూ సర్పంచి గుమ్మం ఇంకొంచెం చీకటి పడుతున్నది.

ఇక్కడ ఒక వ్యాకరణం సంగతి చెప్పాలి. తెలుగు మాస్టారిని, చెప్పక మానలేను. మన భాషలో ‘వచ్చును’ వేరు, ‘వలయును’ వేరు. ‘ఇవ్వవచ్చును’ అంటే ఇస్తే ఇవ్వవచ్చు, మానితే మానవచ్చు. ‘ఇవ్వవలయును’ అంటే తప్పించుకోవడానికి దారి లేదు. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగంలో పీట వేసింది. 11వ షెడ్యూలు అని కొత్తది చేర్చి, వ్యవసాయం, చిన్న నీటివనరులు, తాగునీరు, బడులు, గ్రంథాలయాలు, చౌకడిపోలు, ఇలా 29 విషయాలు రాసింది. చదివితే ఊరే ఒక చిన్న రాజ్యమనిపిస్తుంది. కాని ఈ అధికారాల సంగతి చెప్పే 243-జి అధికరణంలో క్రియాపదం చూడండి. రాష్ట్ర శాసనసభ ఆ అధికారాలు చట్టం ద్వారా ఇవ్వ‘వచ్చును’. ఇవ్వ‘వలయును’ కాదు! పట్టణాలకు 74వ సవరణతో 12వ షెడ్యూలు వచ్చింది, 18 విషయాలతో. అక్కడా ఇదే ‘వచ్చును’.

అంటే ఏమయింది? మీ సర్పంచి చేతిలో ఎంత ఉండాలో నిర్ణయించేది మీ ఎమ్మెల్యే గారు కూచునే సభ. స్థానిక పాలన అనేది ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాకు చెందినది. ఢిల్లీని తిట్టుకుని లాభం లేదు. తన నియోజకవర్గంలో తనకు పోటీగా నలభై యాభై మంది చిన్న నాయకులు బలపడడం ఏ ఎమ్మెల్యేకు ఇష్టముంటుంది? ‘వచ్చును’ అన్న మాట ముప్పై ఏళ్లకు పైగా ‘వచ్చును’ గానే ఉండిపోయింది.

పోనీ, ‘వలయును’ అన్న చోటయినా మాట నిలిచిందా? పంచాయతీ గడువు అయిదేళ్లు; ఆ గడువు తీరేలోగా ఎన్నిక పూర్తి కావలయును అని 243-ఇ అధికరణం శాసిస్తున్నది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరితే, ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. నడుమ కరోనా వచ్చిన మాట నిజం. అది వచ్చేనాటికే ఏడాదిన్నర దాటింది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో గడువు తీరితే, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. అంతకాలమూ ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలారు. ఒక్కొక్కరికి కొన్నేసి ఊళ్లు, దానికి తోడు వారి సొంత ఉద్యోగం. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థికసంఘం గ్రాంట్లు నిలిచిపోతాయి. ఈ జాప్యాలను గురించి మీ ఎమ్మెల్యే సభలో ఏమన్నారు? ఓటు అడగవచ్చినప్పుడు మనమెవరమైనా ఆ మాట అడిగామా?

పూర్వం మనం ఇలా వెనుకబడ్డవాళ్లం కాము. 1959 అక్టోబరులో నాగౌర్‌లో నెహ్రూ గారు పంచాయతీరాజ్యాన్ని ప్రారంభిస్తే, రాజస్థాన్ తరవాత ఆ దారి పట్టిన రెండో రాష్ట్రం మనదే. సమితులు పోయి మండలాలు రావడం ఎన్.టి. రామారావు గారి కాలం మాట.

మా కాలేజీలో చదువుకున్న ఒకమ్మాయి సర్పంచిగా నెగ్గింది. ఊరి పేరు, ఆమె పేరు చెప్పను. మహిళలకు రాజ్యాంగం మూడోవంతు స్థానాలు ఇవ్వమంటే మన రెండు రాష్ట్రాలూ సగం ఇచ్చాయి. ఆ సగంలోంచి వచ్చిన పిల్ల. మొదటి సమావేశానికి భర్త పక్కన కుర్చీ వేసుకుని కూచోబోతే, “మీ కుర్చీ బయట వేయించానండీ” అన్నదట. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గెలిచిన రెండో ఏడు మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. విషయమేమిటంటే, వాళ్ల ఊళ్లో వేసవిలో మోటారు కాలిపోయింది. నీళ్లకు జనం గోల. కొత్త మోటారుకూ పైపులకూ తన గొలుసు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చింది. తీర్మానం ఉంది, కొలతలు రాసిన పుస్తకముంది, బిల్లు పెట్టింది. ఎనిమిది నెలలయినా డబ్బు రాలేదు. పంచాయతీ ఖాతాలో డబ్బు ఉన్నదట. తీసుకోవడానికి మాత్రం పైనుంచి అనుమతి లేదట.

“ఊళ్లో వాళ్లేమో ‘ఎంత తిన్నావమ్మా?’ అంటున్నారు మాస్టారూ. మా అత్తగారేమో గొలుసు ఏదని అడుగుతున్నారు. ఇద్దరికీ ఏం చెప్పను?” అన్నది.

ఎమ్మెల్యే గారిని కలిశావా అని అడిగాను. కలిసింది. “పంచాయతీ వ్యవహారాల్లో నేను వేలు పెట్టనమ్మా” అన్నారట ఆయన. ఆ మోటారు గది తలుపు మీద మాత్రం ఆయన ప్రారంభించినట్టు బోర్డు ఉన్నది.

ఇది ఆ ఒక్క పిల్ల గోడు కాదు. పద్నాలుగో, పదిహేనో ఆర్థికసంఘాల గ్రాంట్లను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేశారని ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు ఆందోళనలకు దిగారు. బకాయి కట్టక తప్పదుగదా అని ప్రభుత్వం. తమ తీర్మానం లేకుండా తమ ఖాతాలోది ఎలా తీస్తారని సర్పంచులు. నా మటుకు నాకు సర్పంచుల మాటే న్యాయంగా తోస్తుంది. కట్టవలసిన బాకీ అయినా, మన బీరువా తాళం మనల్ని అడిగే తియ్యాలి. తెలంగాణలో 2024లో పదవి దిగిపోయిన సర్పంచులు, తాము చేయించిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కారు. పన్నుల్లో స్థానిక సంస్థలకు ఎంత రావాలో చెప్పడానికి అయిదేళ్లకొకసారి రాష్ట్ర ఆర్థికసంఘం వెయ్యాలని రాజ్యాంగంలో ఉంది. దాని నివేదికను, దాని మీద తీసుకున్న చర్యను సభ ముందు పెట్టాలి. అక్కడ లేచి అడగవలసినది ఎవరు? మళ్లీ ఎమ్మెల్యేయే.

సర్పంచులందరూ గొలుసులు తాకట్టు పెట్టినవాళ్లేనా అంటే, కాదు. కాగితం మీద తవ్విన కాలవలు నేనూ ఎరుగుదును. వాటికి మందు గ్రామసభ. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. పిలవలేదని అలగడానికి అది పెళ్లి కాదు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్ పంచాయతీలన్నిటా ఒకే రోజున గ్రామసభలు పెట్టారు. ఆ రోజు మీలో ఎంతమంది వెళ్లారు? కంచి దగ్గర ఉత్తరమేరూరు గుడి గోడల మీద చోళుల నాటి శాసనాలున్నాయి, పదో శతాబ్దంవి. ఊరి వారియాలకు, అంటే కమిటీలకు, సభ్యులను కుండలో తాటాకు చీట్లు వేసి ఎన్నుకునేవారు. అంతకు ముందు కమిటీలో ఉండి లెక్క అప్పగించనివాడు పనికిరాడు. వాడి దగ్గరి బంధువులూ పనికిరారు. వెయ్యేళ్ల కిందటి ఆ నిబంధన చదివితే నాకు కొంచెం సిగ్గు, కొంచెం అసూయ కలుగుతాయి.

నేడు లెక్క చూడడానికి గుడి గోడ దాకా వెళ్లనక్కరలేదు. కేంద్రం వారి ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో పంచాయతీ ప్రణాళికలూ చెల్లింపులూ పెడుతున్నారు. ఇంట్లో కుర్రాడి ఫోనులో చూడవచ్చు. అక్కడ లేనిది 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఆ దీపం సంగతి రాసిన సోదరికి నేను చెప్పేది ఇది: అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. కదలిక లేకపోతే గ్రామసభలో లేచి చదవండి. ఎమ్మెల్యే గారికి కూడా ఒక ఉత్తరం రాయండి. అందులో దీపం ఊసు వద్దు. ఈ సమావేశాల్లో పంచాయతీ నిధుల మీద ఆయన ఎన్ని ప్రశ్నలు వేశారో అడగండి.

మా శిష్యురాలికి మాత్రం బిల్లు ఆఖరికి వచ్చింది, వడ్డీ కాకుండా. గొలుసు విడిపించుకుని, దారిలో మా ఇంట్లో దిగింది. ఈసారి కాఫీ తాగింది. మళ్లీ పోటీ చేస్తావా అన్నాను.

“మా అత్తగారు వద్దంటున్నారు మాస్టారూ,” అని, సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. పంచాయతీరాజ్ చట్టం, తెలుగు అనువాదం. అందులో ‘వచ్చును’ అన్న చోటల్లా పెన్సిలుతో గీతలు గీసి ఉన్నాయి.