అది ఖాళీ కొండ కాదు

మొన్న షిఫ్ట్ దిగి పటాన్‌చెరులో టీ కొట్టు దగ్గర కూసున్నం. మా సూపర్‌వైజర్ సార్ ఫోన్ల ఒక ఫొటో చూపెట్టిండు. పెరూ దేశంల ఆండీస్ పర్వతాల మీద, ఇంకా రాజుల కాలం నాటి కట్టడాల పక్కన రంగురంగుల టెంట్లు. "ఎవ్వరూ లేని చోట తమ్మీ, ఎంత ప్రశాంతమో! డిసెంబర్‌ల మనం గూడ లంబసింగి పోయి టెంట్లు ఏద్దాం" అన్నడు.

ఎవ్వరూ లేని చోట! ఆ ఒక్క మాట మీదనే నా పంచాయితీ.

ఆ టెంట్లను కొండ మీదికి మోసేది ఎవరు? ఎక్కువగా క్వెచువా ఆదివాసీలే. ఆ దారిల 4,215 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాలె. కూలీ మీద 20 కిలోలకు మించి వేయొద్దని 2001లో అక్కడ చట్టం చేయాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎంత మోయించిండ్రో మీరే ఆలోచించండి.

1911లో హైరాం బింగం మాచుపిచ్చుకు పోయేసరికి, అక్కడి పాత మెట్ల చేన్లల్ల రైతులు పంట పండించుకుంటున్నరు. శిథిలాల దాకా దారి చూపెట్టింది అక్కడి పిల్లగాడే. పేరు మాత్రం బింగందైంది. ఆయన తవ్వి యేల్ యూనివర్సిటీకి పంపిన వస్తువులు పెరూకు తిరిగి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మరి మన దగ్గర? ఉట్నూరుల గోండు రాజుల కోట ఉంది. చూసి పోయేటోళ్లకు అది శిథిలం. కట్టినోళ్ల వారసులు యాడికి పోలేదు. కొందరం ఈ పటాన్‌చెరులనే కాంట్రాక్టు కూలీలుగా డ్రమ్ములు మోస్తున్నం.

"టూరిస్టులు వస్తే ఉపాధి మీకే గదా" అంటరు. ఈ పటాన్‌చెరు ఊర్లకు గూడ ఉపాధి పేరే చెప్పిండ్రు. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పాడైంది, పొలాలు పాడైనయి, రైతుల గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఊరిని అడగకుండ వచ్చిన ఉపాధి ఊరికి ఏం మిగిలిస్తదో చూడాలంటే ఆ వాగు గట్టున నిలబడితే చాలు.

మేం టూరిస్టులను రావద్దంటలేము. అడిగి రమ్మంటున్నం. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాల భూమిని గిరిజనేతరులు కొనుడే కాదు, లీజుకు తీసుకునుడు గూడ చెల్లదు. కాగితం మీద ఆదివాసి పేరు, గల్లాపెట్టె కాడ ఇంకొకడు కూసుంటే దాన్ని బినామీ అనాలె, టూరిజం అనొద్దు. ఊరి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభదని 1996 నాటి పెసా చట్టం చెప్తుంది. అందుకే టెంట్లు ఎక్కడ వేయాలె, ఎన్ని వేయాలె, కిరాయి ఎంత, చెత్త ఎవరు ఎత్తాలె, ఇవన్నీ గ్రామసభే తేల్చాలె. ఆ ఇంకా దారిల కూలీలు, గైడ్లతో కలిపి రోజుకు 500 మందినే పోనిస్తరు. అక్కడ లెక్క ఉన్నప్పుడు మన కొండకు ఎందుకు ఉండొద్దు?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ కంపెనీల, మీ కాలేజీల ఎవరైనా క్యాంపింగ్ అంటే మొహం తిప్పుకోకండి. రెండే ప్రశ్నలు అడగండి: ఆ జాగ ఎవరిది? గ్రామసభ ఒప్పుకుందా?

నేను సార్‌ను అడిగిన. టీ చల్లారింది గాని, జవాబు రాలే.

మావ నాటే, మావ రాజ్!