గట్టు ఎత్తు ఎవరినడిగి కట్టారు?

కొత్త ఇల్లు కట్టేటప్పుడు వాస్తు సిద్ధాంతిని అడుగుతారు. మేస్త్రినీ, ఇంజనీరునూ అడుగుతారు. హాల్లో టీవీ ఎక్కడ పెట్టాలో పిల్లల్ని కూడా అడుగుతారు. కానీ పొద్దస్తమానం వంటింట్లో నిలబడే ఇల్లాలిని ‘గట్టు ఎంత ఎత్తుంటే నీకు వీలు?’ అని అడిగేవాళ్లు ఎందరు?

ఇదేమంత పెద్ద విషయమా అనుకోకండి. 2024లో చేసిన కాలవినియోగ సర్వే వివరాలను కేంద్ర గణాంక శాఖ 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది. 15 నుంచి 59 ఏళ్ల లోపు స్త్రీలలో ఇంటిపని చేసేవాళ్లు, జీతం లేని ఆ పనికి రోజుకు సుమారు 305 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే అయిదు గంటల పైమాటే. 2019లో అది 315 నిమిషాలు. అయిదేళ్లలో తగ్గింది పది నిమిషాలే! ఆ అయిదు గంటల్లో ఎన్నిసార్లు నడుం వంచాలి, ఎన్నిసార్లు మునివేళ్ల మీద లేచి డబ్బా అందుకోవాలి అన్నది ఈ నిమిషాల లెక్కలోకి రాదు.

లేచి నిలబడ్డ వంటిల్లు

మన పాత వస్తువులు చాలావరకు ఒంటి కదలికల్లోంచి పుట్టినవే. కత్తిపీటను కాలితో అదిమి పెడితే రెండు చేతులూ ఖాళీ. బిందె పొట్ట నడుం ఒంపులో ఒదుగుతుంది. మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకోవచ్చు. 1958లో మన ప్రభుత్వం కోరగా నివేదిక రాసిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన చెంబును ఎంతగానో మెచ్చుకున్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది.

అలాగని పాతదంతా బంగారం కాదు. రుబ్బురోలు ముందు గంటలకొద్దీ కూర్చున్న మోకాళ్లనడిగితే చెబుతాయి.

గ్యాసు వచ్చాక వంటిల్లు లేచి నిలబడింది. స్టవ్ సిలిండరు కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం కాబట్టి గట్టు అవసరమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల పథకం పేద ఇళ్లకూ గ్యాసును తీసుకెళ్లాయి. గట్టు ఎత్తును మాత్రం మేస్త్రి అలవాటుకో, మాడ్యులర్ కిచెన్ వాళ్ల కొలతకో వదిలేశాం. అమెరికాలో మామూలుగా 36 అంగుళాల గట్టు కడతారు. మన స్త్రీల సగటు ఎత్తు అయిదడుగులే. ఆ గట్టు మీద స్టవ్, స్టవ్ మీద లోతు గిన్నె పెడితే భుజాలెత్తి కలపాల్సిందే!

అడిగి చేసినవాళ్లూ ఉన్నారు

లిలియన్ గిల్‌బ్రెత్ అమెరికాలో ఇంజనీరు, పన్నెండుమంది పిల్లల తల్లి. స్టవ్, సింకు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చడానికి ఆమె వేలాదిమంది గృహిణులను అడిగింది. కాలితో నొక్కితే మూత లేచే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపులో అరలు ఆమె ఆలోచనలేనంటారు. కీళ్లనొప్పులున్న భార్య పీలర్ పట్టుకోలేక అవస్థపడటం చూసి శామ్ ఫార్బర్ అనే వ్యాపారి లావుపాటి మెత్తని పిడి ఉన్న వంట పనిముట్లు తయారు చేయించాడు. 1990లో అవి మార్కెట్లోకి వచ్చాయి. ఆ పిడి నొప్పుల్లేని వాళ్లకూ హాయిగానే ఉంది!

ఒక్కరి కొలతేనా?

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు, అడుగులు ఆదా అయ్యేలా చిన్న వంటిల్లు రూపొందించింది. అన్నీ చేతికందేలా ఉన్నా అందులో ఒక్క మనిషే పనిచేయగలదు. ఇద్దరికి చోటు లేదు. సౌకర్యం పెరిగినా పని ఒక్కరి మీదే మిగిలితే లాభమేముంది? అందుకే గట్టు మీకు వీలుగా ఉండటంతో పాటు, పక్కన ఇంకొకరు నిలబడి కూర తరిగే చోటూ కావాలి.

మీరు చూసుకోవలసినవి

* మోచెయ్యి మడిచి నిలబడండి. గట్టు దానికి నాలుగంగుళాలు కిందుంటే మామూలు పనులకు వీలు. పిండి కలపడానికి ఇంకాస్త తక్కువెత్తు బల్ల మంచిది.
* గట్టు ఇప్పటికే ఎత్తుగా ఉంటే కదలని వెడల్పాటి చెక్కపీట మీద నిలబడండి. తక్కువెత్తు అయితే కూరలు తరిగే చెక్క కింద మందపాటి దిమ్మ వేసుకోండి.
* రోజూ వాడేవి భుజానికీ మోకాలికీ మధ్య అరల్లో, బరువైనవి నడుం ఎత్తులో సర్దుకోండి.

సొంత ఇల్లయినా, ప్రభుత్వమిచ్చే ఇల్లయినా, మేస్త్రి టేపు తీసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. కొలత మీ మోచేతి దగ్గర మొదలు కావాలని గట్టిగా చెప్పండి.