మాట తెగకుండా మరమ్మతు!

చిట్టమూరులో ఓ తల్లి కువైట్‌లోని కొడుకుతో ఫోన్లో మాట్లాడుతోందనుకోండి. సరిగ్గా అప్పుడే ఎక్స్ఛేంజిలో సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. ఇంట్లో కంప్యూటరైతే ఆపి, మళ్లీ ఆన్ చేస్తాం. ఎక్స్ఛేంజిని ఆపితే అందరి కాల్సూ తెగిపోతాయి. వాటిలో అంబులెన్సు కోసం చేసినదీ ఉండొచ్చు!

ఇలాంటి చిక్కులకు విరుగుడే ఎర్లాంగ్. స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ 1980ల్లో తయారుచేసిన ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాష ఇది. ఇందులో ప్రోగ్రామును మాడ్యూళ్లుగా విడగొడతారు. ఒక్కోదాన్ని కంపైల్ చేస్తే ఒక్కో 'బీమ్' ఫైలు వస్తుంది. దాన్ని, నడుస్తున్న వ్యవస్థలోకే ఎక్కించొచ్చు.

అదెలా? ఒక మాడ్యూల్‌కు పాత, కొత్త కూర్పులు రెండూ ఒకేసారి మెమరీలో ఉంటాయి. పొలానికి కొత్త కాలువ తవ్వితే, పాత కాలువలో నీరు పారుతూనే ఉండి తర్వాతి తూము దగ్గర కొత్తదాంట్లోకి మళ్లినట్టు అన్నమాట. ఇక్కడ తూము... మాడ్యూల్ పేరుతో సహా ఫంక్షన్‌ను పిలవడం. అలా పిలిస్తే కొత్త కూర్పే పలుకుతుంది.

మూడోదానికి మాత్రం చోటు లేదు. ముందు పాతదాన్ని తీసేయాల్సిందే. 'పర్జ్' చేస్తే పాతదాన్నే పట్టుకున్న పనులు ఆగిపోతాయి. 'సాఫ్ట్ పర్జ్' అయితే అలాంటివి ఉన్నాయేమో చూసి, ఉంటే పాతదాని జోలికి పోదు. ఏది వాడాలో ప్రోగ్రామరే తేల్చుకోవాలి. పొరపడితే మాట మధ్యలోనే తెగుతుంది.

1998లో ఎర్లాంగ్‌ను ఎరిక్‌సన్ అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. వాట్సప్ సర్వర్లను దాంతోనే నిర్మించారు. చిట్టమూరు నుంచి కువైట్‌కు పంపే పండగ ఫొటో వెనకా ఆ భాషే ఉంది!