అపకీర్తితో వ్యాపారము

గద్వాల చీర యనగానే తెలుగింటి యాడువారికి వేరొక వివరణ మక్కరలేదు. నూలు చీరకు పట్టుకొంగును, పట్టుటంచులును అతుకు కానరాకుండ కలుపు నేర్పు ఆ పేరులో నిమిడియున్నది. ఆ పేరు నెవరో ధనవంతుడు కొని తెచ్చినది కాదు. తరతరములుగా మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న నేతగాండ్రు సంపాదించినది. అందుచేతనే చట్టము దానికి భౌగోళిక గుర్తింపు నొసగి, పరు లెవ్వరును దొంగిలింపకుండ కాపాడుచున్నది. పేరు సంపాదించినవా రెవరో, దానివలన లాభము పొందవలసినవారును వారే. ఇది న్యాయము.

ఈ న్యాయమును తలక్రిందులు చేసిన వ్యాపార మొకటి మన కాలమున ప్రబలినది. పదుగురి కొంపలు కూల్చినవాని పేరును వెలకట్టి అమ్ముట, ఆ పేరువలన నష్టపడినవారికి చిల్లిగవ్వయైన ముట్టజెప్పకుండుట, అడిగినచో కళయనియు స్వేచ్ఛయనియు చెప్పుట దీని పద్ధతి. ఇట్టి వ్యాపారమును మేము నిరసించుచున్నాము. ఏల నిరసించుచున్నామో చెప్పుటకే యీ వ్యాసము.

మొదట దూరదేశపు నిదర్శనమును చూతము. కొలంబియా దేశమున మాదకద్రవ్యముల ముఠా నడిపిన పాబ్లో ఎస్కోబారు 1993 డిసెంబరు 2వ తేదీన పోలీసుల చేత హతుడయ్యెను. 1989 నవంబరు 27న అవియాంకా సంస్థవారి విమానము ఆకాశముననే ప్రేలిపోయి, అందున్న 107 మందియు మరణించిరి. ఆ ఘోరమును అతని ముఠాకే ఆరోపించిరి. అట్టివాని యింటిపేరుతో, అతని యన్నగారగు రాబర్టో ఎస్కోబారు పక్షమున, ఎస్కోబార్ ఇంక్ అను కంపెనీ వెలసినది. అది మంటలు చిమ్ము యంత్రము నమ్మజూపినది. 2019లో మడత టెలిఫోను నమ్మకమునకు పెట్టినది. డబ్బు కట్టిన పెక్కుమందికి సరకునకు మారుగా పుస్తకమో, యాజమాన్యపత్రమో పంపిరని అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు ఆ కంపెనీ పూర్వాధికారిపై అభియోగము మోపిరి. 2025లో అతనిని స్పెయిను దేశమునుండి అమెరికాకు రప్పించిరి.

ఆ కంపెనీయే 2021లో పాబ్లో ఎస్కోబారు నామమును ఐరోపా సమాఖ్యయందు వ్యాపారచిహ్నముగా నమోదు చేయుడని కోరినది. అధికారులు నిరాకరించిరి. లక్సెంబర్గులోని సాధారణ న్యాయస్థానము 2024 ఏప్రిల్ 17న ఆ నిరాకరణమునే స్థిరపరచినది. కంపెనీవారి వాదము వినదగినది. అతనికి నేరస్థుడని యే న్యాయస్థానమును శిక్ష విధింపలేదు గదా యనిరి. బోనీ-క్లైడు, అల్ కపోనుల పేర్లు నమోదు కాలేదా యనిరి. అతడు బీదలకు మేలు చేసెననిరి. జనులు, ముఖ్యముగా స్పెయిను దేశస్థులు, ఆ పేరు వినినంతనే తలచుకొనునది దానధర్మములను కాక హత్యలను, మాదకద్రవ్యములనేయని న్యాయస్థానము తీర్పు చెప్పినది. మన దేశమునను 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము, జుగుప్సాకరమును అశ్లీలమునగు చిహ్నములను నిషేధించుచున్నది. కావున ఈ తీర్పులోని ధర్మము మనకు క్రొత్తది కాదు.

ఇపుడు మన యింటికి వత్తము. మన తెలుగువారిలో ఇంటిపేర్లు పెక్కులు ఊరిపేర్లే. పూర్వులు నివసించిన గ్రామమే వంశమునకు పేరై నిలుచును. కావున తెలుగునాట ఊరి పేరునకు మచ్చ తెచ్చినవాడు వేలకొలది కుటుంబముల యింటిపేరునకు మచ్చ తెచ్చినట్లే. ఈ మాటను మనస్సున నుంచుకొని స్టువర్టుపురము కథ వినుడు.

బాపట్లకు సమీపముననున్న ఆ యూరు 1913లో వెలసినది. చెన్నపట్టణ ప్రభుత్వమున నుండిన సర్ హరాల్డు స్టువర్టు పేరు దానికి పెట్టిరి. సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంఘమునకు దాని పాలన నప్పగించిరి. నేరస్థ జాతుల చట్టము 1871లో పుట్టినది. 1911లో దానిని విస్తరించిరి. ఆ చట్టము ప్రకారము కొన్ని జాతులయందు పుట్టుటయే నేరమయ్యెను. హాజరు పలుకవలయును, సెలవు చీటి లేనిదే ఊరు దాటరాదు. ఎరుకలవారి నట్లు పట్టి తెచ్చి ఆ యూర కాపురముంచిరి. ఈ ఎరుకలవారు అంతకుముందెవరు? పశువులపైన, గాడిదలపైన సముద్రతీరపు టుప్పును లోపలి సీమలకు మోసికొనిపోయి, ధాన్యము మార్చి తెచ్చుకొను వర్తకులు. రైలుబండి వచ్చెను, ఉప్పుపై పన్ను హెచ్చెను, వారి వర్తకము కూలెను. బ్రదుకుదెరువు పోగొట్టినవారే, బ్రదుకుదెరువు లేనివాడు దొంగ యని చట్టము వ్రాసిరి.

ఆ దొంగ పేరుతో మొదట లాభపడినవారెవరు? చీరాలలోని పొగాకు కంపెనీవారు. ఆ కార్ఖానాకు స్టువర్టుపురమునుండియే కూలీలను పంపిరి. స్వేచ్ఛగా పోవుటకు హక్కులేని కూలి కన్న యజమానికి చౌకయైన దేమున్నది? మన దేశమున నేరపు ముద్రతో వ్యాపారము సినిమాతో మొదలు కాలేదు. దానికి నూరేండ్ల పూర్వచరిత్ర కలదు.

1952లో ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను పేరు పోలేదు. 1970వ దశకమున జాషువా మహాకవి పుత్రికయగు హేమలతా లవణం గారును, భర్తయగు లవణం గారును ఆ యూరికి పోయి, నేరముల దారి విడువగోరినవారికి చేయూత నిచ్చిరి. ఎన్నియో యేండ్లు ఆ పని సాగినది. ఒక మనుష్యుని దొంగతనము మాన్పించుట కష్టము. మానివేసినవానిని దొంగ యనకుండ లోకముచేత మాన్పించుట అంతకన్న కష్టమని ఆ పని యందు పాల్గొన్నవా రెల్లరు నెరుగుదురు.

సినిమావారు చేసిన దేమి? 1991లో స్టువర్టుపురము పేరు శీర్షికయందే తగిలించుకొని రెండు చిత్రములు వచ్చినవి. 2023లో టైగర్ నాగేశ్వరరావు చిత్రము వచ్చినది. ఆ పేరుగలవాడు 1987లో పోలీసుల కాల్పులలో చనిపోయిన గజదొంగ. చిత్రపు ప్రకటనదృశ్యములు వెలువడగానే, అవి ఎరుకల జాతిని, స్టువర్టుపుర నివాసులను కించపరచుచున్నవని ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున ప్రజాహిత వ్యాజ్యము దాఖలయ్యెను. న్యాయస్థానము నిర్మాతకు నోటీసు పంపినది. అయినను చిత్రము 2023 అక్టోబరు 20న విడుదలయ్యెను.

ఇందుకు సమాధానముగా చెప్పబడు మాటలు మూడు. అవి యెంతవరకు నిలుచునో విమర్శింతము.

మొదటిది: దొంగ కథ చెప్పుట తప్పా? తప్పు కాదు. దొంగ యెట్లు పుట్టెనో, ఎవరు పుట్టించిరో చెప్పు కథ యెంతయు నవసరము. 1871 నాటి చట్టమును, ఉప్పు వర్తకపు పతనమును, పొగాకు కార్ఖానాను చూపు చిత్రమును ఎవరైన తీసినచో మేము ముందు వరుసలో కూర్చుందుము. కాని దొంగను వీరునిగా, ఊరిని దొంగల కొలువుగా చూపి, పోరాటములకును పాటలకును నడుమ ఆ చరిత్రమును ఒక సాకుగా వాడుకొనుట కథ చెప్పుట కాదు, సరకమ్ముట. ఊరికి కల్పితనామము పెట్టినచో కథకు లోపమేమి? లోపమేమియు లేదు. ప్రకటనకు మాత్రము లోపము. ఆ యసలు పేరునకు సంతలో ధర కలదు, కల్పితనామమునకు లేదు. పేరు విడువలేకుండుటయే వ్యాపారోద్దేశమునకు సాక్ష్యము.

రెండవది: ఆ కుటుంబమువారి సమ్మతి యున్నచో పరుల కేమి? ఎస్కోబారు అన్నగారి వాదమిదియే. రక్తసంబంధమువలన పేరు వచ్చును, నిజమే. ఆ పేరునకు ధర మాత్రము రక్తసంబంధమువలన రాలేదు. ఆ ధరను చెల్లించినవారు విమానములోని ప్రయాణికులు. స్టువర్టుపురమున ఆ ధరను చెల్లించుచున్నవారు ఊరి పేరు చెప్పుటకు సందేహించు పిల్లలు. ఒక కుటుంబము ఒప్పుకొనినంతమాత్రమున ఊరంతయు ఒప్పుకొనినట్లగునా? ఊరివారి నడిగినవా రెవరు?

మూడవది: జనులు కోరుచున్నారు, మేము చూపుచున్నాము. సారాయి కొట్టువాడును ఈ మాటయే చెప్పును. కోరికను పెంచి పోషించి, పిమ్మట దానికి తాను సేవకుడనని చెప్పుట పాతబడిన యుక్తి.

ఇది కోస్తావారి గొడవ, పాలమూరు సీమకేమి సంబంధ మని కొందరనవచ్చును. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో బుట్టలల్లి, చాపలు నేసి జీవించు ఎరుకల కుటుంబములు లేవా? వారిలో పెక్కురు స్టువర్టుపురమును కన్నులార చూచియుండరు. అయినను తెరపై ఆ జాతికి పడిన ముద్ర, మరునాడు బడిలో వారి బిడ్డపై పడును. పలకయో పెన్సిలో పోయినప్పుడు మొదట ఎవరి సంచి వెదకుదురో ప్రతి ఉపాధ్యాయునకును తెలియును.

ఈ సీమకే పుట్టిన మహనీయు డొకడు ఇట్టి ముద్రను తొలగించు మార్గము చూపినాడు. గద్వాల ప్రాంతమున 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డి గారు, నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను నిందకు కోపముతో కేకలు వేయలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవులను లోకమున కెత్తి చూపిరి. తరువాత 1952లో వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. ఒక ప్రాంతమున కంతకును అంటగట్టిన నిందను తుడుచుటకు ఆ ప్రాంతపు మనుష్యులను ఒక్కొక్కరినిగా పేరు పెట్టి పిలుచుటయే మందని ఆ సంచిక నిరూపించినది. స్టువర్టుపురమున చదువుకొని కొలువులు చేయువారు, సేద్యము చేయువారు ఉన్నారు. వారి సంచిక నెవరు ప్రకటింతురు?

మేము నిషేధములు కోరుట లేదు. నిషేధమువలన చెడ్డ సరకునకు గిరాకి హెచ్చును. మేము కోరునవి మూడే. జీవించియున్న ఊరి పేరును, జాతి పేరును నేరకథలకు వాడదలచినవారు ముందుగా ఆ ఊరి సభలో నిలిచి సమ్మతి నడుగవలయును, దొరకనిచో పేరు మార్చవలయును. మన పాఠ్యపుస్తకములలో నేరస్థ జాతుల చట్టపు చరిత్రము పిల్లలకు తెలియునట్లు చేర్పవలయును. మూడవది మన చేతిలోనిది. ఇంట నల్లరి పిల్లవానిని తిట్టునప్పుడు స్టువర్టుపురపు దొంగ యనియు, ఎరుకలవా డనియు మన నోట వచ్చు మాటను మానుకొనవలయును.

చదువరులారా! కంపెనీవారిని, చిత్రనిర్మాతలను తిట్టుట సులభము. వారు మన నోటినుండి ఏరుకొన్న పేరునే మనకు మరల అమ్ముచున్నారు. ఆ మాట మన యింట నిలిచినంతకాలము వారి యంగడియు నిలుచును.