ఎరువు సొమ్ము, సొంత బొమ్మ

మొన్నొక పాత మిత్రుడు ఇంటికి వచ్చాడు. పుస్తకాల బీరువా కింది అరలో వరుసగా పేర్చి ఉన్న డిస్కులను చూసి, "ఇంకా వీటిని కొంటూనే ఉన్నావా?" అని జాలిపడ్డాడు. అంతటితో ఊరుకోక ఒకదాన్ని బయటికి లాగి, అట్ట మీద తుపాకీ పట్టుకున్న మనిషిని చూసి నవ్వాడు. "క్లాసిక్కులంటే సరేలే. కొట్లాట సినిమాలు కూడానా? ఒకసారి చూసి మరిచిపోయేవాటికి డిస్కులెందుకు? అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా!" అన్నాడు. ఆ రోజు అతనికి కాఫీ ఇచ్చి పంపించాను. సమాధానం ఇప్పుడు ఇస్తున్నాను.

అతని మాటలో రెండు వాదాలున్నాయి. అన్ని సినిమాలూ ఎల్లవేళలా అందుబాటులో ఉంటాయన్నది మొదటిది. యాక్షన్ సినిమా చవకబారు సరుకు, దాచుకోదగినది కాదన్నది రెండవది. రెండూ తప్పేనని నా అభిప్రాయం. అందుకు సాక్ష్యంగా అతను నవ్విన ఆ డిస్కునే ప్రవేశపెడుతున్నాను. అది విలియం ఫ్రీడ్కిన్ 1971లో తీసిన 'ది ఫ్రెంచ్ కనెక్షన్'.

ముందుగా రెండవ వాదం సంగతి. ఈ సినిమాకు ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, అనుసరణ, కూర్పు అనే అయిదు ఆస్కార్లు వచ్చాయి. బహుమతులను బట్టి విలువ కట్టనక్కరలేదు గనక దాన్ని పక్కన పెడదాం. ఈ సినిమా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది బ్రూక్లిన్‌లో జరిగే వెంటాడింపు. హంతకుడు వంతెన పట్టాల మీద నడిచే రైలులో పారిపోతుంటాడు. పొపాయ్ డాయిల్ అనే పోలీసు డిటెక్టివు, దారినపోయే ఎవరిదో కారు లాక్కుని, ఆ పట్టాల కింది వీధిలో రైలును తరుముతాడు. కారుకు బిగించిన కెమెరాలో స్తంభాలు దూసుకొస్తుంటాయి. నేపథ్య సంగీతం లేదు. హారను, బ్రేకుల కీచు, పైన రైలు రొద, అంతే. కంప్యూటరు బొమ్మలు లేని కాలం అది. నిజమైన కారు, నిజమైన వీధి, నిజమైన ప్రమాదం. పైన రైలు ఎక్కడుందో, కింద కారు ఎక్కడుందో, మధ్య దూరం ఎంతో ప్రేక్షకుడికి క్షణం కూడా అయోమయం ఉండదు. అంతటి స్పష్టతతో దృశ్యాన్ని అల్లడాన్ని చవకబారు పని అనేవారు చవకగా చూసి ఉండాలి.

చవకగా చూడడమంటే ఏమిటో కూడా చెబుతాను. వీడియోను కుదించే విద్యలో కీలకం ఒక్కటే. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచకుండా, ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడాను మాత్రమే దాచడం. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సన్నివేశంలో పెదవులు తప్ప కదిలేది తక్కువ గనక కొద్దిపాటి సమాచారం సరిపోతుంది. వెంటాడింపులో అలా కుదరదు. తెర అంతా ప్రతి క్షణమూ మారిపోతుంటుంది. దానికి తోడు ఓవెన్ రాయిజ్‌మన్ ఛాయాగ్రహణం. చలికాలపు న్యూయార్కులో, ఉన్న వెలుతురుతోనే, చాలాచోట్ల కెమెరా చేతబట్టి తీసిన బొమ్మ అది. ఫిలిం రేణువు అడుగడుగునా కనిపిస్తుంది. రేణువుకు ఒక వరుస ఉండదు గనక ముందు ఫ్రేమును బట్టి తరువాతిదాన్ని ఊహించడం కుదింపు యంత్రం వల్ల కాదు. అప్పుడది రేణువును తుడిచి నున్నగా చేస్తుంది, లేకపోతే తెరను గళ్ళుగళ్ళుగా విడగొడుతుంది. 1080 గీతల బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్లు, 4కే బొమ్మకు 15 మెగాబిట్లు వేగం ఉంటే చాలునని నెట్‌ఫ్లిక్స్ తన చందాదారులకు చెబుతుంది. మామూలు బ్లూరేలో ఒక్క బొమ్మకే 40 వరకూ చోటుంది. 4కే డిస్కు 128 దాకా పోగలదు. పిండి కొద్దీ రొట్టె. మాటల సినిమాకు చిన్న రొట్టె చాలవచ్చు గానీ యాక్షన్ సినిమాకు చాలదు. అంటే మా మిత్రుడి లెక్క తలకిందులు. డిస్కు అవసరం ఎక్కువగా ఉన్నది అతను నవ్విన సినిమాలకే.

ఇక మొదటి వాదం. అన్నీ ఎప్పుడూ ఉంటాయా?

2023 జూన్‌లో అమెరికాలో కొందరు ప్రేక్షకులు క్రైటీరియన్ ఛానెల్‌లో ఈ సినిమా చూస్తూ ఒకచోట ఉలిక్కిపడ్డారు. మొదటి భాగంలో, కత్తిగాటు తిన్న తన సహచరుడితో డాయిల్ మాట్లాడే సన్నివేశంలో కొన్ని క్షణాలు మాయమయ్యాయి. అందులో డాయిల్ నల్లజాతివారిని ఉద్దేశించి ఒక నీచమైన మాట వాడతాడు. ఆ మాటతో పాటు దాని చుట్టూ ఉన్న సంభాషణ కూడా ఎగిరిపోయింది. అతుకు మొరటుగా కనిపిస్తోంది. సినిమా మొదట్లో 'ఇందులో మార్పు చేశాము' అన్న ముక్క లేదు. సినిమా హక్కులు అప్పటికి డిస్నీ చేతిలో ఉన్నాయి. 2019లో ఫాక్స్ సంస్థను కొన్నప్పుడు దానితో పాటే వచ్చాయి. ఫ్రీడ్కిన్ అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు.

ఆ మాట పోతే ఏం పోయింది, మంచిదే కదా అని మీలో కొందరు అనవచ్చు. ఆ మాట మీద నాకు మమకారమేమీ లేదు. ఎవరైనా ఎదురుగా అంటే లేచి వెళ్ళిపోతాను. కానీ ఈ సినిమా అసలు చెబుతున్నదేమిటి? డాయిల్ ధీరోదాత్తుడు కాడు. పట్టుదల తప్ప మరో సుగుణం లేనివాడు, జాత్యహంకారి. చివరికి నేరస్థుడనుకుని సాటి పోలీసునే కాల్చి, చేసిన తప్పుకు కనురెప్ప కూడా ఆర్పకుండా వేటను కొనసాగిస్తాడు. ఇలాంటివాడి చేతిలో చట్టాన్ని పెట్టామే అన్న దిగులు ప్రేక్షకుడిలో కలగాలనే ఆ మాట అంత ముందుగా అతని నోట వస్తుంది. దాన్ని కోసేస్తే డాయిల్ కాస్త మంచివాడవుతాడు. అంటే జాత్యహంకారం మీద పెట్టిన అభియోగాన్ని కొట్టేసి నిందితుణ్ణి సగం నిర్దోషిగా విడిచిపెట్టినట్టు. దీనికి సంస్కారమని పేరు పెట్టలేను. నా బీరువాలోని డిస్కులో మాత్రం డాయిల్ తన పాపంతో సహా భద్రంగా ఉన్నాడు. దాన్ని మార్చాలంటే ఎవరైనా మా ఇంటి తలుపు తట్టాలి.

'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్నారు పెద్దలు. చందా కట్టి చూసేది ఎరువు సొమ్మే. అంతర్జాలంలో 'కొను' అన్న మీట నొక్కి డబ్బు చెల్లించినా చాలాచోట్ల మనకు దక్కేది అనుమతి పత్రమే. కాలిఫోర్నియా ప్రభుత్వం ఈ మాయ మీద ఏకంగా చట్టమే చేయవలసి వచ్చింది. ఇచ్చేది రద్దు కాగల అనుమతి మాత్రమే అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొను' అనే మాట వాడరాదని 2025 జనవరి 1 నుంచి అక్కడ నిబంధన.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకునేవారికి మన ఇంటి ముచ్చట ఒకటి. 2022లో 'ఆర్ఆర్ఆర్' ప్రపంచమంతటినీ ఊపేసినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది హిందీ అనువాదం. మన తెలుగు మాటలు జీ5లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన అమెరికా ప్రేక్షకుడు రామరాజునూ భీమునూ హిందీలోనే విన్నాడు. తెలుగు పాట ఆస్కారు వేదిక ఎక్కింది గానీ తెలుగు మాట అతని ఇల్లు చేరలేదు. సినిమా ఏ భాషలో, ఏ రూపంలో మన ముందుకు రావాలో ఒప్పంద పత్రాలు నిర్ణయించే కాలమిది.

ఇంతవరకూ చదివి 'సరే, డిస్కులన్నీ కొనేద్దాం' అని లేచేవారిని కూర్చోమంటున్నాను. నా రెండవ తగాదా వారితోనే.

డిస్కు అన్నంత మాత్రాన అది వేదం కాదు. ఇదే 'ఫ్రెంచ్ కనెక్షన్' 2009లో మొదటిసారి బ్లూరేగా వచ్చినప్పుడు సాక్షాత్తూ దర్శకుడే దాని రంగులు మార్చేశాడు. బొమ్మంతా వెలిసిపోయిన నీలంగా, అక్కడక్కడా రంగు చిందినట్టుగా తయారైంది. ఛాయాగ్రాహకుడు రాయిజ్‌మన్ భగ్గుమన్నాడు, ఇది తన పని కాదని బాహాటంగానే ప్రకటించాడు. 2012లో రంగులు సరిదిద్ది మళ్ళీ డిస్కు వేశారు. నా దగ్గర ఉన్నది ఆ రెండవదే. పేరు చూసి, ధర చూసి మొదటిది కొన్నవారి బీరువాలో ఉన్నది వేరే సినిమా. జేమ్స్ కామెరాన్ 1991లో తీసిన 'టెర్మినేటర్ 2' గతి కూడా ఇంతే. 2017లో 4కే డిస్కు వచ్చింది. గీతలు పెరిగాయి, ప్రాణం పోయింది. రేణువును తుడిచిన తుడుపుకు మనుషుల ముఖాలు మైనపు బొమ్మలైపోయాయి. సినిమాలో ఉక్కు మనిషి ఒకడుంటాడు సరే, మిగిలినవారంతా మైనపు మనుషులు కావడం దర్శకుడి కథలో లేదు.

మన సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. 2000 దశకంలో నేను కొన్న తెలుగు డీవీడీలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదానిలో సినిమా ఆసాంతం తెర మూలన ఆ కంపెనీ ముద్ర వెలుగుతూనే ఉంటుంది. ఒకదానిలో ఒకే పళ్ళెంలో మూడు సినిమాలు కుక్కారు, ఫైటు మొదలైతే ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. మరొకదానిలో రెండు పాటలు లేవు. వీటిని కొన్నందుకు నన్ను ఎవరైనా ఎగతాళి చేస్తే తల వంచుకుంటాను. అవి చౌక అన్న ఒక్క కారణంతో కొన్నాను. చౌకదనం కారణం కాదని తెలుసుకోవడానికి ఒక అర నిండింది.

కాబట్టి ఇప్పుడు డిస్కు కొనేముందు నన్ను నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. మూడవసారి చూస్తానా? మొదటిసారి కథ కోసం, రెండవసారి ఫైట్ల కోసం ఎవరైనా చూస్తారు. మూడవసారి పిలిచే సినిమాలో మాత్రమే అంతకు మించినదేదో ఉంటుంది. ఈ ముద్రణ ఎవరి పర్యవేక్షణలో, దేని నుంచి తయారైంది? పుస్తకం కొనేముందు పరిష్కర్త ఎవరని చూసే మనం డిస్కు దగ్గర ఎందుకు చూడం? చందాలో దొరకనిది ఇందులో ఏముంది, అసలు భాషా, అసలు శబ్దమూ, కోత పడని నిడివీనా, లేక ఇనుప డబ్బా మీద అందమైన బొమ్మ మాత్రమేనా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే చందాలోనే చూసి హాయిగా మరిచిపోతాను. నిజానికి ఎక్కువ సినిమాలకు జరిగేది అదే.

ఇబ్బందులు లేవనను. డిస్కులకు ప్రాంతాల కంచెలున్నాయి. అమెరికా డీవీడీ ఒకటవ ప్రాంతానిది, మనది అయిదవది. బ్లూరేలో వారిది ఏ, మనది సీ. 4కే డిస్కులకు మాత్రం ఈ కంచె లేదు. ప్లేయర్లు తయారుచేసేవారూ తగ్గిపోతున్నారు. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ఆ పని మానుకున్నాయి. డిస్కులు శాశ్వతమూ కావు, కొన్ని లోపల్లోపలే చెడిపోతాయి. అయితే నా డిస్కు చెడిపోతే చెడిపోయిందని నాకు తెలుస్తుంది. ఎక్కడో సర్వరులో చడీచప్పుడు లేకుండా మారిన సినిమా మారిందనే తెలియదు. పాడైనదాన్ని పాడైందని చెప్పగలగడం కూడా ఒక నిజాయితీయే.

మా మిత్రుణ్ణి వచ్చే ఆదివారం మళ్ళీ పిలిచాను. కాఫీతో పాటు ఆ వెంటాడింపు కూడా వడ్డిస్తాను, దాని కన్నా ముందు ఆ కోసేసిన క్షణాలనూ చూపిస్తాను. డాయిల్ మీద అతనికి అసహ్యం కలిగితే నేను గెలిచినట్టు. ఫోను తీసి చూసుకుంటూ కూర్చుంటే మాత్రం, రెండో కాఫీ లేదు.