తొవ్వ పక్క చరిత్రకు దిక్కెవరు?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ వేల బండ్లు ఉరుకుతాయి. హయత్‌నగర్ దాటేటప్పుడు అక్కడి పాత మసీదు వైపు చూసేవారు ఎందరు? దాని చుట్టూ వరుసగా ఉన్న కమాన్ల గదులు ఎందుకు కట్టారో తెలిసినవారు ఎందరు?

అది సరాయి. బాటసారులు రాత్రిపూట తలదాచుకోవడానికి కట్టించిన సత్రం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా బిడ్డ, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం 17వ శతాబ్దంలో కట్టించింది. వందకు పైగా గదులు, దగ్గర్లోనే ఏనుగుల బావి. ఊరికి కూడా ఆమె పేరే.

ఇది గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయిన పాత తొవ్వ. మన వజ్రాలు, మన బట్టలు ఈ తొవ్వనే సముద్రం దాకా పోయాయి. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో దుకాణం తెరిచింది కూడా ఈ సరుకు కోసమే. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1676లో అచ్చయిన తన గ్రంథంలో ఈ మజిలీలను వరుసగా రాశాడు. గోల్కొండ దాటినంక తెనారా అనే మజిలీలో పేదలకు వండిన అన్నం పెట్టేవారని, పరుల చేతి వంట తిననివారికి పిండి, వెన్న ఇచ్చేవారని చెప్పాడు. ఎవరి ఆచారం వారిదే, ఆకలి మాత్రం అందరిదీ అన్న సోయి ఆనాటి సత్రానికి ఉంది!

ఆయన పెంగెల్ అని రాసుకున్న మజిలీ నల్లగొండ పక్కనున్న మన పానగల్లు. కందూరు చోడుల నాటి ఊరు. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయ సముద్రం చెరువు అక్కడే ఉన్నాయి. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు ఇవాళ ఆ చెరువుకే చేరుతున్నాయి. పాత చెరువు ఇంకా జిల్లాను సాకుతూనే ఉంది.

మేము చెప్పేది ఒక్కటే. మజిలీ అంటే గోడలు మాత్రమే కాదు. నీడ, నీరు, తిండి కలిస్తేనే మజిలీ. అందులో చెరువును వాడుకుంటున్నాం, సరాయిని మరిచిపోయాం. ఆలనాపాలనా లేక గదులు పాడుపడుతుంటే చూస్తూ ఊరుకున్నాం.

ఒకప్పుడు మన చరిత్రను వేరేవాళ్లు తొక్కిపెట్టారన్నాం. అది నిజం. కానీ 2014లో రాష్ట్రం వచ్చింది. పురావస్తు శాఖ మనది, పాఠ్యపుస్తకం మనది, బడ్జెట్టు మనది. ఇంకా ఎవరి మీద నెపం పెడతాం?

సరాయి హద్దులు సర్వే చేసి రాళ్లు పాతాలి. గదుల్లో ఎవరైనా బతుకుతుంటే వేరే నీడ చూపించిన తర్వాతే ఖాళీ చేయించాలి. మరమ్మతు డంగు సున్నంతో జరగాలి, సిమెంటు పూతతో కాదు. ఈ తొవ్వ కథ బడి పిల్లల పాఠం కావాలి. ఉదయ సముద్రం శిఖం అంగుళం కూడా పోకుండా కాపాడాలి.

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! రాష్ట్రం కోసం రోడ్డెక్కినవాళ్లం. ఆ రోడ్డు పక్కనున్న చరిత్ర కోసం ఒక్క వినతిపత్రం ఇవ్వలేమా? అధికారులు కదలకపోతే మళ్లీ అడుగుదాం. అడగడం మనకు కొత్త కాదు.