స్పెయిన్ తీరంలో ఎండు వాగును నమ్మకండి

సెప్టెంబరు వచ్చిందంటే స్పెయిన్ మధ్యధరా తీరం మనవాళ్లను మరింతగా పిలుస్తుంది. విమాన టికెట్లు చవకవుతాయి, బీచ్‌ల్లో రద్దీ తగ్గుతుంది, సముద్రపు నీరు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. కొత్తగా చదువులకు వెళ్లిన పిల్లలు అద్దె గదులు వెతుక్కునేదీ అప్పుడే. సరిగ్గా అప్పటి నుంచి నవంబరు దాకా ఆ తీరానికి ఏడాదిలోకెల్లా ఎక్కువ గండం ఉన్న కాలం. వలెన్సియా, అలికాంతే, ముర్సియా, బార్సిలోనా చుట్టుపక్కల ఎక్కడున్నా సరే, ఈ హెచ్చరిక మీకోసమే. వాన హెచ్చరిక ఉన్న రోజున కారు కోసం సెల్లార్‌లోకి దిగకండి. వాగు దాటకండి. మీ తలమీద చినుకు పడటంలేదు కదా అని ధైర్యపడకండి.

2024 అక్టోబరు 29, మంగళవారం. వలెన్సియా నగరాన్ని దక్షిణాన ఆనుకుని ఉన్న పైపోర్తా పట్టణంలో ఆ సాయంత్రం చెప్పుకోదగ్గ వానే లేదు. దుకాణాలు తెరిచే ఉన్నాయి. జనం పనులు ముగించుకుని ఇళ్లకు తిరిగొస్తున్నారు. ఊరి మధ్యగా పోయో వాగు పోతుంది. ఏడాదిలో చాలా రోజులు అందులో చుక్క నీరుండదు. రాళ్లు, ఎత్తైన రెల్లు దుబ్బులు, రెండు ఒడ్లను కలిపే వంతెనలు, అంతే. పడమటి కొండల్లో చీవా, చెస్తే ఊళ్ల వైపు కురిసిన కుండపోత ఆ వాగులోకి దిగి, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో ఊరిమీద పడింది. 6.55కు వాగు ప్రవాహాన్ని కొలిచే పరికరం సెకనుకు 2,282 ఘనపు మీటర్లు చూపించి, తానూ కొట్టుకుపోయింది. మన లెక్కలో ఎనభై వేల క్యూసెక్కులు. కృష్ణకో గోదావరికో అది మామూలు వరద. ఇళ్ల గోడలను ఒరుసుకుంటూ పోయే ఎండు వాగుకు అది ప్రళయం. కొండల నుంచి కొట్టుకొచ్చిన రెల్లు, చెట్లు, కార్లు వంతెనల కింద అడ్డం పడేసరికి నీరు వీధుల్లోకి తిరిగింది.

జనం ఫోన్లలో అధికారుల హెచ్చరిక మోగింది రాత్రి 8.11కి. అప్పటికే చాలామంది చనిపోయారు. ఒక్క వలెన్సియా ప్రాంతంలోనే 220 మందికి పైగా పోయారు. అందులో ఎందరో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలోని వృద్ధులు. మిగిలినవాళ్లలో చాలామందిని నీరు సెల్లార్లలో, రోడ్లమీద, కార్లలో పట్టుకుంది.

స్పెయిన్ వాతావరణ సంస్థ ఏమెట్ ఆ ఉదయం ఎనిమిది కాకముందే ఎర్ర హెచ్చరిక జారీ చేసింది. వలెన్సియా విశ్వవిద్యాలయం ముందుజాగ్రత్తగా ఆ రోజు తరగతులే రద్దు చేసుకుంది. ప్రాంతీయ ప్రభుత్వం మాత్రం చీకటిపడి, ఊళ్లు మునిగాక గానీ జనాన్ని హెచ్చరించలేదు. దాని అధినేత కార్లోస్ మాసోన్ నెలల తరబడి నిరసనలు ఎదుర్కొని, చివరికి 2025 నవంబరులో రాజీనామా ప్రకటించారు. ఎవరి తప్పు ఎంతో అక్కడి న్యాయస్థానాలు తేలుస్తాయి. మనకు కావాల్సిన సంగతి వేరు. ఎర్ర హెచ్చరికకూ ఫోన్ మోగడానికీ మధ్య పన్నెండు గంటలకు పైగా గడిచాయి. ఉదయపు హెచ్చరికను నమ్మి ఇంట్లో ఆగినవాళ్లకు ఆ పన్నెండు గంటలూ దక్కాయి. ఫోన్ కోసం ఎదురుచూసినవాళ్లకు దక్కలేదు.

ఇక్కడే మన తీరం మనకు నేర్పిన పాఠం అక్కడ అడ్డం తిరుగుతుంది. కోస్తా ఆంధ్రలో పుట్టినవాడికి ముప్పంటే సముద్రమే. 1977లో దివిసీమను ముంచింది ఉప్పెన. తుపాను పుట్టిన దగ్గర్నుంచి తీరం దాటేదాకా రోజుల తరబడి దాని దారి టీవీలో చూస్తాం, సముద్రానికి దూరంగా జరుగుతాం. స్పెయిన్ తీరంలో నీరు సముద్రం నుంచి రాదు, వెనకాల కొండల నుంచి వస్తుంది. వేసవంతా కాగిన మధ్యధరా సముద్రం గాలిలోకి తేమను ఎత్తిపోస్తుంది. పైన ఎక్కడో ఉత్తరాది వాయు ప్రవాహం నుంచి తెగిపోయిన చల్లగాలి ముద్ద ఒకటి ఆ ప్రాంతం మీద నిలిచిపోతుంది. తూర్పుగాలి తేమను మోసుకొచ్చి తీరానికి దగ్గర్లోనే లేచి ఉన్న కొండలకు కొడుతుంది. అంతే, ఒకే చోట గంటల తరబడి కురుస్తూనే ఉంటుంది. అక్కడివాళ్లు దీన్ని దానా అంటారు. 2024 అక్టోబరులోనే ఒడిశా తీరాన్ని తాకిన దానా తుపానుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆ రోజు తురీస్ అనే ఊళ్లో 24 గంటల్లో 771 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసే వాన కాస్త అటూఇటుగా అంతే. అందులో 184 మిల్లీమీటర్లు ఒక్క గంటలో పడ్డాయి.

ఎప్పుడో ఒకసారి జరిగే వింత ఇది అనుకుంటే పొరపాటు. 1957 అక్టోబరులో తురియా నది వలెన్సియా నగరం నడిబొడ్డునే ముంచింది. ఆ తర్వాతే నదిని నగరానికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్లించారు. ఇవాళ సందర్శకులు సైకిళ్లు తొక్కి ఫొటోలు దిగే తురియా ఉద్యానవనం ఆ నది పాత గర్భమే. 2024లో నగర కేంద్రం బతికి బయటపడింది ఆ మళ్లింపు వల్లే. కొత్త కాలువకు దక్షిణాన ఉన్న పైపోర్తా, కతర్రోహా, అల్ఫఫార్ వంటి పట్టణాలకు అలాంటి రక్ష లేదు. 1962 సెప్టెంబరులో బార్సిలోనా పక్కన వయెస్ లోయలో ఒక్క రాత్రి వరదకు వందల మంది పోయారు. 1982లో తోవుస్ డ్యామ్ తెగింది. 2018లో మల్లోర్కా ద్వీపంలో కొంత భాగం, 2019లో అలికాంతేకు దక్షిణాన ఒరివేలా మునిగాయి. అన్నీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే.

ఇదంతా మనకు అర్థంకాని సంగతేమీ కాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున విజయవాడ సింగ్‌నగర్‌లో నిద్రలేచినవాళ్లకు తెలుసు, బుడమేరు ఎంత ఏరో, ఎంత ఊరిని ముంచిందో. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు పెద్దలు. పరాయి దేశంలో చిక్కేమిటంటే, పల్లం ఎక్కడుందో మనకు తెలియదు. నున్నటి రోడ్లు, పూలకుండీల బాల్కనీలు చూసి, ఐరోపాలో ఇలాంటివి జరగవులే అని మనసు సర్దుకుంటుంది. ఆ నమ్మకమే ప్రాణాంతకం.

సెల్లార్ సంగతి విడమరిచి చెప్పాలి. అక్కడి అపార్ట్‌మెంట్లలో సెల్లార్ ఒక అంతస్తుతో ఆగకపోవచ్చు, రెండు మూడు అంతస్తుల లోతుకు పోతుంది. వీధి నుంచి ఇరుకైన ర్యాంపు, దానికి కరెంటుతో నడిచే ఇనుప తలుపు, లోపల ఒక లిఫ్టు, బరువైన తలుపు వెనక మెట్లు. వీధిలో నీరు చీలమండ దాకానే ఉన్నప్పుడు, ‘కారు పైకి తీసి పెట్టేద్దాం, ఐదు నిమిషాల పని’ అనిపిస్తుంది. ఆ నీరు ర్యాంపు అంచు దాటిందంటే కిందికి జలపాతమే. కరెంటు పోతుంది. ఇనుప తలుపు లేవదు. లిఫ్టు ఆగిపోతుంది. మెట్ల తలుపుకు నీరు ఆనుకుంటే ఇద్దరు బలవంతులు తోసినా కదలదు. చీకట్లో కార్లు తేలి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దారి మూసేస్తాయి. ఆ రోజు ఇలా దిగినవాళ్లు అమాయకులు కారు, చదువురానివాళ్లు కారు. వాయిదాలు కట్టి కొనుక్కున్న బండి మీద మమకారం ఉన్న మామూలు మనుషులు. ఆ వరదలో లక్షకు పైగా వాహనాలు దెబ్బతిన్నాయి. స్పెయిన్‌లో బీమా ఉన్న వాహనాలకు, ఇళ్లకు ఇలాంటి వరద నష్టాన్ని ‘కన్సోర్సియో’ అనే ప్రభుత్వ సంస్థ భరిస్తుంది, అందుకోసం ప్రతి పాలసీలోనూ కొంత సొమ్ము ముందే వసూలవుతుంది. అద్దె కారైతే అది మీదే కాదు. కారును వదిలేయండి.

రోడ్డుమీద ఉన్నా ఇదే మాట. అడుగు లోతు నీరు చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగులైతే దాదాపు ఏ కారైనా తేలుతుంది. నీరు ముందు కనిపిస్తే వెనక్కి తిరగండి, తిరిగే వీలు లేకపోతే కారు దిగి ఎత్తుకు నడవండి. తీరప్రాంతపు చిన్న రోడ్లు వాగులను వంతెన లేకుండానే దాటుతాయి, మన ఊళ్లలో లో-లెవల్ కాజ్‌వేల లాగే. బార్సిలోనాకు ఉత్తరాన అరెనీస్ దె మార్ వంటి ఊళ్లలో అయితే ప్రధాన వీధే వాగు దారి. వాగు సముద్రంలో కలిసే చోట చదునుగా, నీడగా ఉందని డేరా వేయడం, క్యారవాన్ నిలపడం ఈ నెలల్లో చేయకూడని పని. బీచ్‌లో ఎర్ర జెండా ఎగురుతుంటే ఈత వచ్చినా దిగకూడదు.

ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఇంకొక మాట. గ్రౌండ్ ఫ్లోర్ అద్దె తక్కువని మురిసిపోకండి. ఆ రోజు వృద్ధులు ఎక్కువగా పోయింది అక్కడే, మెట్లు ఎక్కలేక. స్పెయిన్ ప్రభుత్వం వరద ముంపు పటాలను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. పదేళ్లకు, వందేళ్లకు, అయిదువందల ఏళ్లకు ఒకసారి వచ్చే వరద ఎంతదాకా పాకుతుందో అవి వీధి వీధికీ రంగులు వేసి చూపిస్తాయి. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ వీధి పేరు కొట్టి చూసుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. రంగు పడిన చోట గది తప్పనిసరైతే, కనీసం రెండో అంతస్తు అడగండి. మీరు పైన ఉండి, కింద ఒంటరి ముసలమ్మ ఉంటే, హెచ్చరిక రోజున ఆమెను ముందే పైకి పిలుచుకోండి.

ఉద్యోగం పోతుందన్న భయంతో బయల్దేరకండి. ఈ దుర్ఘటన తర్వాత 2024 నవంబరు చివర్లో స్పెయిన్ తెచ్చిన నిబంధన ప్రకారం, అధికారులు ప్రయాణాలు వద్దన్నప్పుడు ఇంటి నుంచి పనిచేసే వీలు లేని కార్మికులకు నాలుగు రోజుల దాకా జీతంతో సెలవు హక్కుగా వస్తుంది. హోటల్ వంటింట్లో పనిచేసే కుర్రాడికైనా, గోదాములో పనిచేసే అమ్మాయికైనా అది వర్తిస్తుంది. యజమాని చెప్పకపోవచ్చు. మీకు తెలిసి ఉండాలి.

ఏమెట్ హెచ్చరికలు మూడు రంగుల్లో ఉంటాయి: పసుపు, నారింజ, ఎరుపు. నారింజ వస్తే ప్రయాణం మానుకోవడం మంచిది, సరుకులు ముందే తెచ్చి పెట్టుకోండి. ఎరుపు వస్తే గడప దాటవద్దు, ఫోన్లు చార్జ్ చేసి పెట్టుకోండి. హెచ్చరిక మీ జిల్లా లోపలి కొండలకే అని ఉన్నా, తీరంలో ఉన్న మీకూ అని చదువుకోండి. అక్కడ కురిసిందే ఇక్కడికి దిగుతుంది. ప్రభుత్వం పంపే సందేశం పెద్ద మోతతో నేరుగా ఫోన్ మీదికి వస్తుంది, దానికి యాప్ అక్కర్లేదు. ఇండియా నుంచి తీసుకెళ్లిన ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో దిగిన రోజే చూసుకోండి. సందేశం స్పానిష్‌లో ఉన్నా అర్థం కోసం వెతుకుతూ కూర్చోకండి, పై అంతస్తుకు ఎక్కాక చదువుకోవచ్చు. అత్యవసర నంబరు 112. అయితే ఆ రోజు ఆ లైన్లు కిక్కిరిసిపోయాయి. కాల్ కలిసేదాకా కింద నిలబడవద్దు.

మన దగ్గర స్పెయిన్ పర్యటనలు అమ్మేవాళ్లకు, విద్యార్థులను పంపే కన్సల్టెన్సీలకు ఈ బాధ్యత లేదా? ‘జిందగీ నా మిలేగీ దొబారా’ సినిమా వచ్చాక బున్యోల్ టమాటా పండుగ పేరు తెలియని కుర్రకారు లేరు. ఆ బున్యోల్ కూడా 2024 వరదలో దెబ్బతిన్న ఊరే. వీసా కాగితాలతో పాటు ముంపు పటం చూసుకునే పద్ధతి, రంగుల హెచ్చరికల అర్థం ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? ఐరోపాలోని తెలుగు సంఘాలు ఉగాదికి, దసరాకు చూపే శ్రద్ధలో కొంత సెప్టెంబరు మొదటి వారంలో కొత్తవాళ్లను కూర్చోబెట్టి ఇవి చెప్పడానికి వెచ్చించాలి. మాద్రిద్‌లోని మన రాయబార కార్యాలయం ఎర్ర హెచ్చరిక వచ్చిన గంటలోనే మన పిల్లలకు కబురు చేరవేసే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక్కడున్న తల్లిదండ్రులారా, రాత్రి 8.11కి అక్కడ ఫోన్లు మోగినప్పుడు మన గడియారంలో అర్ధరాత్రి దాటి నలభై ఒక్క నిమిషాలు. మీరు నిద్రలో ఉంటారు. కానీ ఏమెట్ ఎర్ర హెచ్చరిక ఇచ్చిన వేళకు ఇక్కడ మధ్యాహ్న భోజనాల సమయం. ఈ మూడు నెలలూ ఆ సంస్థ పేజీని రోజుకొకసారి మీరే చూడండి. వలెన్సియా తీరం మీద ఎరుపు కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి. అక్కడ వాన పడుతోందా అని అడగవద్దు. ఏ అంతస్తులో ఉన్నావు అని అడగండి, కారు తాళాలు పక్కన పెట్టి పైకెక్కమని చెప్పండి.